అమ్మను అరువడిగిన పెద్దకొడుకు

మా గోదావరి పక్క పెళ్ళికి నగలు అరువడుగుతారు, చుట్టాలొస్తే మంచాలు అరువడుగుతారు. కన్నతల్లిని ఒక పూటకు అరువడిగిన మనిషిని మాత్రం నేను దోహాలోనే చూశాను.

ఆమెను ఇంట్లో అందరూ బీబీ అనేవారు, అంటే నాయనమ్మ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇరాన్ సముద్రపొడ్డు నుంచి పడవలో వచ్చిందట. ఇద్దరు కొడుకులు. చిన్నాయనకు సూక్‌లో, అంటే పాత బజారులో, ఎండుపళ్ళ దుకాణం, మదీనత్ ఖలీఫాలో అద్దె ఇల్లు. ఆ ఇంట్లో బీబీని కనిపెట్టుకుని ఉండడమే నా పని. పెద్దాయనకు అల్ హిలాల్‌లో విల్లా. బీబీతో పాటు నేనూ మొదట అక్కడే ఉండేదాన్ని. అక్కడ ఫార్సీ మాట వినపడకూడదు. అతిథులొస్తే తల్లిని వెనక గదిలోకి పంపేవారు. "మేము మొదటినుంచీ అరబ్బులమే" అని పెద్దకోడలు ఎవరితోనో అంటుంటే నేనే విన్నాను. పక్కన అత్తగారు కూర్చునే ఉంది. అది చూడలేకే తమ్ముడు తల్లిని, ఆమెతో నన్నూ తన దగ్గరికి తెచ్చేసుకున్నాడు.

చిన్నాయన కూతురు నాయనమ్మ ఒళ్ళోనే ఫార్సీ చదవడం, రాయడం నేర్చుకుంది. నేనైతే బడి మొహమే చూడలేదు. మా అమ్మ వంటింట్లో బైబిల్ ముందు పెట్టి నాకు అక్షరాలు దిద్దించింది. అందుకే ఆ ఇద్దరూ పుస్తకం పట్టుకుని కూర్చుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు వస్తోందని ఊరంతా తవ్విపోసిన రోజులవి. సూక్‌కి దారి మూసేసి దుకాణం బేరం పడిపోయింది. ఆ పిల్లకేమో విదేశంలో లా సీటు వచ్చింది. ఇరానీ మూలాలుండి లా చదవబోయే పిల్లలకు ఎవరో ధనవంతులు స్కాలర్‌షిప్ పెట్టారు. ఈ ఊరి నుంచి ఒక్కరికే. అది వస్తే చదువు, రాకపోతే లేదు. ఇళ్ళకు వచ్చి, పెద్దవాళ్ళతో మాట్లాడి, మూలాలు ఎంత నిలుపుకున్నారో చూస్తారట.

అది తెలిసిన వారానికే పెద్దాయన మిఠాయి పెట్టెతో దిగాడు. వాళ్ళబ్బాయికీ లా సీటు వచ్చిందట.

"గురువారం అమ్మను మా ఇంటికి పంపు" అన్నాడు.

"అదే రోజు మా ఇంటికీ వస్తున్నారు కదా అన్నయ్యా."

"ముందు మాకు, తర్వాత మీకు. మధ్యలో కారు లేదా? నీకొక్కడికే అమ్మా?"

ఆరు నెలలుగా ఫోన్ చెయ్యని మనిషి అడిగిన ప్రశ్న అది. చిన్నాయన తల వంచుకున్నాడు. బీబీ ముఖం మాత్రం వెలిగిపోయింది. పెద్దకొడుకు పిలిచాడు మరి.

ఆమెతో పాటు నేనూ వెళ్ళాను. వెనక గది మనిషికి హాలు నడుమ పెద్ద కుర్చీ వేశారు. గోడకు కొత్త తివాచీ వేలాడదీశారు. టీ కాచే ఇత్తడి సమావర్ అడుగున ధర చీటీ ఇంకా ఊడలేదు. నిన్న కొన్న మూలాలు. వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు తివాచీని నిమిరి నిమిరి మురిసిపోయారు. ఒకాయన కుర్రాణ్ణి ఫార్సీలో, "నాయనమ్మ చేతి వంటల్లో నీకేది ఇష్టం?" అని అడిగాడు. వాడు తండ్రి వైపు చూశాడు.

బీబీ అందుకుంది. "వాడికి కొత్తవాళ్ళంటే సిగ్గు. నాతో అయితే రోజంతా గలగలా మాట్లాడతాడు."

పెద్దమనుషులు ముచ్చటపడి నవ్వారు. మూలాలు కొలవడానికి సముద్రాలు దాటి వచ్చిన వాళ్ళకు కుర్రాడి నోరు ఒక్కసారైనా తెరిపించాలని తోచలేదు.

వాళ్ళు లేవకముందే మమ్మల్ని పెరటి గుమ్మంలోంచి కారెక్కించారు. డ్రైవరుది రాయచోటి. కారు ఇంటివైపు కాక ఎటో పోతోంది.

"ఇటేంటి తమ్ముడూ? మనిల్లు అటు కదా."

"తెలుసుక్కా. వాళ్ళు మీ ఇంట్లోనించి పోయేదాకా ముసిలాయమ్మను యాడన్నా తిప్పమన్న్యాడు మా బాబా. రెండిండ్లలో ఒగే అవ్వ కనపడితే బాగుండదంట." ఇక్కడ యజమానిని బాబా అంటారు.

"నువ్వు తిప్పుతానన్నావా?"

"అనకపోతే రేపు నన్ను ఊరికి తిప్పుతాడు. యాడికని తిప్పేదిలే, రోడ్లన్నీ ఆ కప్పు కోసమని మూసిపెట్టినారు. నువ్వు నన్ను తిట్టుకోగాకక్కా."

నేను తిట్టింది అతన్ని కాదు. ఇంటికి ఫోన్ చేసి సంగతి చెబితే ఆ పిల్ల లోగొంతుకతో, "వచ్చి కూర్చున్నారు, వదిలెయ్యండి" అని పెట్టేసింది. కొత్త స్టేడియం చుట్టూ డైవర్షన్ బోర్డుల వెంట తిరుగుతుంటే వెనక సీట్లో బీబీ, కొడుకు నలుగురిలో తన చెయ్యి పట్టుకున్నాడని చెప్పిందే చెప్పింది.

మేం చేరేసరికి పెద్దమనుషులు వెళ్ళిపోయారు. ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అని అడిగారట. అమ్మ అన్నయ్య ఇంటికి వెళ్ళిందని చిన్నాయన అన్నాడట. అంతకు మించి చెబితే అన్న పరువు పోతుందని ఊరుకున్నాడు. లేని పరువును కాపాడడానికి కూతురి చదువు ఖర్చుపెట్టాడు. మంచివాడే, కానీ ఆ మంచితనాన్ని నేను మెచ్చుకోలేను.

స్కాలర్‌షిప్ కుర్రాడికి వచ్చింది. బీబీ మనవరాల్ని, "నీకెప్పుడిస్తారు?" అని అడిగింది.

"ఒక్కరికే బీబీ. వాడికొచ్చింది. మనవాడే కదా."

ఒక్కరికేనన్న సంగతి బీబీకి అప్పుడే తెలిసింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

కుర్రాడి సన్మానం రోజున ఫోటోకి అమ్మ కావాలని మళ్ళీ కారు వచ్చింది. వెళ్ళదనుకున్నాను. వెళ్ళింది. తల్లి కదా. జుట్టు దువ్వి ముసుగు సరిచేసింది ఆ పిల్లే. అప్పటికి ఏదో కాంట్రాక్టు కంపెనీలో కాగితాలు తర్జుమా చేసే ఉద్యోగంలో కుదిరింది. తోడు రమ్మని డ్రైవరు నన్ను పిలిచాడు. రానని చెప్పాను. ఎందుకని అతను అడగలేదు.

సాయంత్రం ప్రార్థనలో అన్నిటికీ స్తోత్రం చెప్పుకోవడం నా అలవాటు. ముసలామె క్షేమంగా తిరిగొచ్చినందుకు చెప్పాను. ఆ పిల్ల నాలుగు ముద్దలు తిన్నందుకు చెప్పాను. స్కాలర్‌షిప్ దగ్గరికి వచ్చేసరికి మాట రాలేదు. ప్రభువుకు తెలుసు, నేను ఆ మాటకోసం వెతకనూ లేదు.