కాటా బాబాయ్ కాలు బరువు

కాటా బాబాయ్‌కి అసలు పేరొకటి ఉంది. జీతం రోజు సంతకం పెట్టేటప్పుడు తప్ప అది ఆయనకీ గుర్తుకు రాదు. ట్రైలర్లు అద్దెకిచ్చే యార్డులో పాతికేళ్లుగా ఆయన పని ఒకటే. వచ్చిన బండి వెనక వంగి, హుక్కు పక్కన రేకు మీద కొట్టిన అంకెలు చదవడం. ఆ హుక్కు ఎంత బరువు లాగగలదో ఒక అంకె, తన నెత్తిన ఎంత భారం మోయగలదో ఇంకో అంకె. రెండిట్లో ఏది దాటినా గేటు తెరవడు. మంత్రిగారి బావమరిది వచ్చి హారన్ కొట్టినా సరే, "దింపుకుని రండి" అని చెవిలో పుల్ల తిప్పుకుంటాడు.

ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం. రేడియో ఉంది గానీ అది చెప్పడమే తప్ప వినదు. రోజు మొత్తంలో ఆయన కబుర్లకని నోరు తెరిచేది యార్డు గేటు పక్కన, ట్రైలర్ చక్రాల మీద నిలబెట్టిన టైలరమ్మ కొట్టు ముందే. అక్కడొక బల్ల. పొద్దున్నే ఆ కొసన ఆవిడ కూర్చుని దారం ఎక్కించుకునేది, ఈ కొసన ఈయన కూర్చుని టీ తాగేవాడు. పదకొండేళ్లు. ఆ కబుర్లలో పనికొచ్చేది ఒక్కటీ లేదు.

"అన్నయ్యా, ఈ చొక్కాకి గుండీలు కుట్టే బదులు, గుండీలకి కొత్త చొక్కా కుట్టించుకో," అనేది ఆవిడ.

ఈయన నెలకోసారి కావాలనే ఒక గుండీ తెంపుకునేవాడు.

పక్కనున్న ఫ్యాక్టరీ మూతపడింది, దాంతో ఆవిడ కుట్టే యూనిఫాంలూ పోయాయి. ఒకరోజు పొద్దున్నే టైలరమ్మ తమ్ముడు జీపు తెచ్చి కొట్టు ముందు ఆపాడు.

"వేరే ఊళ్లో చోటు దొరికింది అన్నయ్యా," అంది ఆవిడ. "సాయంత్రంలోపు చేరకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారట. హుక్కు చూసి పంపించు."

చూశాడు. జీపు హుక్కు తొమ్మిది వందల కిలోలు లాగుతుంది. కొట్టు ఎనిమిది వందల ఇరవై తూగింది. ఇక మిగిలింది కొట్టు ముందుకి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీ, అదే ట్రైలర్ ముక్కు, హుక్కు మీద మోపే భారం. అది డెబ్బై ఐదు దాటకూడదు. బాబాయ్ ముక్కు కింద చెక్కముక్క నిలబెట్టి, దాని కింద చిన్న కాటా పెట్టాడు. ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఆగింది.

ఆయన ఎడమ కాలు, ఎవరూ అడక్కుండానే, వెళ్లి ట్రైలర్ ముక్కు మీద ఆనుకుంది.

"ఎనభై మూడు," అన్నాడు దగ్గుతూ. "కుదరదు చెల్లెమ్మా."

"ఎనిమిది కిలోలకేనా బాబాయ్?" అన్నాడు తమ్ముడు. "మా ఆవిడ హ్యాండ్‌బ్యాగే అంతుంటుంది."

"మీ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ రోడ్డు మీద ఊడొచ్చి ఎవర్నీ గుద్దదు."

టైలరమ్మ వాదించలేదు. పాతికేళ్లలో ఆయన నోట తప్పు అంకె వచ్చిందని ఎవరూ అనలేదు. అక్కాతమ్ముళ్లిద్దరూ రొప్పుతూ, ఇనుప కుట్టుమిషన్‌ని చక్రాల వెనక్కి జరిపారు. వాళ్లు దిగేసరికి బాబాయ్ కంగారులో కాలు ఇంకాస్త నొక్కాడు.

"ఎనభై ఆరు."

టైలరమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "సామాను వెనక్కి జరిపితే ముందు భారం తగ్గుతుందని నాకు నేర్పిందెవరు?"

"నేనే."

"మరి పెరిగిందేంటి?"

బాబాయ్ వాన వస్తుందేమోనన్నట్టు పైకి చూశాడు. ఆవిడ కిందకి చూసింది. అక్కడున్న బూటు ఆవిడకి బాగా తెలుసు. దాని పక్క కుట్టు తను వేసిందే.

"అన్నయ్యా," అంది, తమ్ముడికి వినపడకుండా. "కాలు."

ఆయన కాలు తీశాడు. ముల్లు అరవైకి వచ్చి పడింది.

"సరిపోయిందిరా," అంది ఆవిడ తమ్ముడితో. "ముల్లు ఇరుక్కుంది, అంతే."

"కాటా ముసల్దైపోయింది బాబాయ్, మార్పించు," అన్నాడు వాడు.

"చూద్దాంలే," అన్నాడు బాబాయ్.

టైలరమ్మ కొట్టు ముందువైపు కట్టిన బల్లని తనే విప్పి, గేటు పక్కన పాత చోట్లోనే పెట్టింది. "ఇది ఇక్కడుంటుంది. బరువెక్కువన్నావుగా."

"ఇప్పుడు సరిపోయిందిగా చెల్లెమ్మా."

"తెలుసు."

బాబాయ్ మళ్లీ తూచాడు, ఈసారి రెండు కాళ్లూ దూరంగా పెట్టుకుని. హుక్కు తనే తగిలించాడు. గొలుసులు రెండూ అడ్డంగా వేశాడు, వెనక లైట్లు రెండుసార్లు వెలిగించి చూశాడు. చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు. గేటు తెరిచాడు.

మర్నాడు పొద్దున్నే టీ పట్టుకుని ఎప్పటి కొసనే కూర్చున్నాడు. అవతలి కొస గభాలున పైకి లేచింది, టీ అంతా చొక్కా మీద పడింది. ఆ బల్ల కాళ్లు బాగా లోపలికి ఉంటాయి. ఒక కొసన ఒక్కరే కూర్చుంటే తిరగబడుతుంది. పదకొండేళ్లలో, ప్రపంచంలోని బరువులన్నీ చూసిన కాటా బాబాయ్‌కి ఆ సంగతి తెలిసే అవసరం రాలేదు.

లేచి బల్ల సరిచేశాడు. ఈసారి మధ్యలో కూర్చున్నాడు. చొక్కా దులుపుకుంటూ చూసుకున్నాడు. గుండీలన్నీ ఉన్నాయి.