అక్క కుర్చీకి ఆఖరి కోత

కుర్చీ చేయడం నేర్చుకోవడానికి సూరత్ వెళ్తున్నానని ఇంట్లో అందరికీ చెప్పాను. అది సగమే నిజం. మా అక్క లక్ష్మి పెళ్లయినప్పటి నుంచీ అక్కడే ఉంటోంది. మరమగ్గాల మీద పనిచేసిన బావ నిరుడు వానాకాలంలో పోయాడు. పిల్లలు లేరు. కోసాడ్ కాలనీలో లిఫ్టు లేని మూడో అంతస్తులో ఒక్కతే ఉంటూ, చీరలకు రాళ్లు అంటించి బతుకుతోంది. కరీంనగర్ వచ్చి మా ఇంట్లో ఉండమని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాను. "చూద్దాం తియ్" అని మాట మార్చేస్తుంది. మోకాళ్లు అరిగి, కింద కూర్చుంటే లేవలేకపోతోందని తెలిశాక ఇక ఆగలేకపోయాను. నా చేతులతో ఒక కుర్చీ చేసి అక్కకిచ్చి, ఆ కుర్చీతో పాటు అక్కనీ తెచ్చేసుకోవాలని నా పథకం. తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు ముందే తీసేశాను. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంటాయి నా పనులు.

సికింద్రాబాద్ నుంచి సూరత్‌కి నేరుగా రైళ్లున్నాయి. ఇంచుమించు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, స్లీపర్‌కి ఐదారు వందలు. జులైలో మాత్రం వెళ్లకండి. నేనున్నన్నాళ్లూ వాన తెరిపివ్వలేదు. బట్టలు ఆరలేదు, కర్ర ఆరలేదు, మనసూ ఆరలేదు. అక్క ఇంట్లో ఒక కొక్కేనికి బావ చొక్కా ఇంకా వేలాడుతోంది. దాని మీద బూజు పట్టకుండా అక్క రోజూ దులుపుతుంది. ఆ చొక్కా వంక చూస్తూ అన్నం తినడం నా వల్ల కాలేదు.

నాకు పని నేర్పిన వీరాచారి గారిది సిరిసిల్ల వైపు. ఒకప్పుడు మగ్గాల చెక్క సామాను బాగు చేయడానికి వచ్చి, అవి ఇనుపవయ్యాక కుర్చీల పనిలోకి దిగారు. సూరత్‌లోనే, డిండోలిలో ఉన్న ఆయన రేకుల షెడ్డులో ఒక్క మిషను కూడా లేదు. అంతా ఉలి, రంపం, చిత్రిక. నేర్పినందుకు డబ్బు తీసుకోలేదు. టేకుకీ నవారుకీ కలిపి రెండు వేలిచ్చాను. మొదటి రోజు నేను ఉలి పట్టుకోబోతే ఆపేశారు.

"ఎవరికి బిడ్డా కుర్చీ?"

"మా అక్కకు."

"మరి అక్క కొలత ఏది? కుర్చీ కర్రకు చెయ్యం, మనిషికి చేస్తం."

ఆ సాయంత్రం ఒక పుల్ల పట్టుకుని అక్క మడమ నుంచి మోకాలి మడత దాకా కొలిచాను. "మోకాలికి జాకెట్ కుట్టిస్తవా ఏందే?" అని అక్క నవ్వింది. నేను వెళ్లాక తను నవ్వడం అదే మొదలు. కొలుస్తుంటే ఆ కాలు ఎంత సన్నబడిందో తెలిసింది.

తర్వాతి రెండు రోజులు నా చేతులు బొబ్బలెక్కాయి. అడ్డకర్ర కొసను సన్నని నాలుకలా, అంటే కుసిలా చెక్కి కాలి బెజ్జంలో దిగ్గొట్టాలి. నా మొదటి కుసి లొడలొడలాడింది. చారి గారు దాన్ని తీసి పక్కన పడేశారు. "వదులు కుసి ఉన్న కుర్చీ ఏడుస్తది బిడ్డా. మనిషి లేచినంక గూడ కిర్రుకిర్రుమంటనే ఉంటది. మల్ల చెక్కు." మళ్లీ చెక్కాను.

నాలుగో రోజు మధ్యాహ్నానికి బిగింపు అయిపోయింది. చారి గారి భార్య పెట్టిన జొన్నరొట్టె తిని నవారు అల్లాను. తీరా నేల మీద నిలబెడితే కుర్చీ ఊగింది. కాళ్లు ఒక్కొక్కటీ ఒక్కో పొడవు, పైగా కొలత కన్నా ఎక్కువ.

"కాళ్లు ఇప్పుడే కొయ్యద్దు," అన్నారాయన. "కుర్చీ యాడ ఉంటదో ఆడి నేల మీద పెట్టి కొయ్యాలె. ఏ ఇంటి వాలు ఆ ఇంటిది. యాడ పెడ్తవ్?"

"కరీంనగర్‌ల," అన్నాను ధీమాగా.

"అయితే గిట్లనే తీస్కపో." పొట్టి కాళ్ల కింద చెక్కపేళ్లు పెట్టి ఊగకుండా చేయడం, ఒకే మందమున్న ముక్క మీద పెన్సిల్ ఆనించి నాలుగు కాళ్లకూ గీత గీయడం చూపించి, ఒక చిన్న రంపం చేతికిచ్చారు.

డిండోలి నుంచి కోసాడ్ ఊరికి ఆ చివర. ఆటోకి రెండు వందల యాభై. డ్రైవరు కుర్చీని చూసి, "మేడమ్, దీనిమీదే కూర్చోండి, ఒక్క మనిషి కిరాయే తీసుకుంటా" అని హిందీలో హాస్యమాడాడు. తాపీ నది దాటేటప్పుడు వాన ఎక్కువైంది. నా దుపట్టా తీసి కుర్చీకి కప్పాను.

అక్క కుర్చీని చేత్తో తడిమి, మెల్లగా కూర్చుంది. పాదాలు నేలకి అందలేదు. చిన్నపిల్లలా ఊపుతూ, "ఎత్తయింది. కోస్తవా?" అంది.

"మనింటికి పోయినంక కోస్తనక్కా. ఆడి నేలకు సరిపోవాలె. ఇక్కడ కోస్తే ఆడ ఊగుతది."

అక్క గోడ పట్టుకుని లేచింది. చీపురు తీసి కిటికీ పక్కన ఊడ్చింది. బావ షిఫ్టు దిగి వచ్చే రోడ్డు కనిపించేది ఆ కిటికీలోంచే. వంగి తడిగుడ్డతో నేల తుడిచి, కొంగుతో తడి ఒత్తింది.

"ఈడ పెట్టు. ఈడనే కొయ్యి."

"అక్కా, ఎవరున్నరే ఇక్కడ నీకు?"

"ఎవ్వరు లేరు. కానీ ఈ తలుపు తాళం నాది. మీ ఇంట్ల నేను ఎన్నేండ్లున్నా చుట్టాన్నే గదనే."

కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. రంపం పట్టుకుని నేల మీద కూర్చుని నాలుగు కాళ్లూ కోశాను. ఆ గది నేల బాల్కనీ వైపు బాగా వాలి ఉంది. ఒక కాలి నుంచి బొటనవేలంత ముక్క వచ్చింది, ఎదురు కాలి నుంచి అందులో సగం. అక్క కూర్చుంది. పాదాలు నేలకి నిండుగా ఆనాయి. కుర్చీ కదల్లేదు, కిర్రుమనలేదు. నేను నా జీవితంలో ఇంత బాగా చేసిన వస్తువు ఇంకొకటి లేదు. కానీ అది ఆ గదిలో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా సరిగ్గా నిలబడదు.

తిరుగు రైల్లో టీటీ వచ్చి రెండో మనిషెక్కడని అడిగాడు. రావడం లేదని చెప్పాను. నా ఎదుటి బెర్తు ఇంకొకరికి రాసిచ్చి వెళ్లిపోయాడు. అక్క ఒంటరిగా ఆ మెట్లు దిగడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమే. తన నిర్ణయం సరైనదని నాకు నేను నచ్చజెప్పుకోలేకపోతున్నాను, తప్పని గట్టిగా అనలేకపోతున్నాను. మీరూ ఎవరికైనా చేత్తో కుర్చీ చేయాలనుకుంటే ఒక్క సలహా: కాళ్ల ఆఖరి కోత కుర్చీ ఉండబోయే ఇంట్లోనే వేయండి. అది ఏ ఇల్లో మాత్రం కూర్చోబోయే మనిషిని అడగండి, టికెట్లు తీయకముందే.