దీపం పెట్టిన మూడో పడవ

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది మా ఆత్మకూరు పోస్టాఫీసు అరుగు మీద పొద్దస్తమానం ఒకటే మాట: మద్రాసు పోయింది, మద్రాసు పోయింది. నేనక్కడ గుమాస్తాను కనుక ఆ ఏడుపు ఇంటిదాకా మోసుకొచ్చేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ కాంతమ్మ పప్పు ఎనుపుతూ, "పోయింది పోయింది అంటుండారే, నేను ఒక్కసారన్నా చూడకుండానే ఎట్ట పోతాది? పదండి, చూసొద్దాం" అంది. సరే రైలెక్కుదామంటే ఒప్పుకోదు, పడవలో పోవాలట. ఆమెది ఉదయగిరి. కొండ కింద పుట్టి, ఎండాకాలం బిందెడు నీళ్ళకు మైలు దూరం నడిచిన మనిషి. "నీళ్ళ మీద కూచోని ఒక్కసారి అన్నం తినాల" అన్నది చిన్నప్పటి కోరికట. నాకు మోకాలు దాటిన నీళ్ళంటే గుండెదడ. ఆ సంగతి పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఎప్పుడూ బయటపెట్టలేదు, అప్పుడూ పెట్టలేదు.

మార్గశిరంలో పది రోజులు సెలవు దొరికింది. ముందు ఉదయగిరి వెళ్ళి, కొయ్య గరిటెలు చెక్కే మా బావమరిది దగ్గర నాలుగు గరిటెలు తీసుకున్నాం, పడవవాళ్ళకు ఇవ్వడానికి. మీలో ఎవరైనా ఈ దారిన పోదలిస్తే ఉదయగిరిలో పొద్దున ఆరు గంటల బస్సే పట్టుకోండి. ఆత్మకూరు, సంగం మీదుగా నెల్లూరు చేరేసరికి పదకొండున్నర అవుతుంది, మనిషికి రెండున్నర రూపాయలు. సంగం దగ్గర ఆనకట్ట మీంచి పెన్న దూకుతుంటే కాంతమ్మ కిటికీలోంచి సగం బయటికి వాలింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "అమ్మా, తలకాయ లోపల పెట్టుకో. నీళ్ళు యాడికీ పోవు" అని కసిరాడు. నెల్లూరులో భోంచేసి, ఇంకో బస్సు, ఆపైన రెండు మైళ్ళు ఒంటెద్దు బండి ఎక్కి, దీపాలవేళకు కృష్ణపట్నం దగ్గర బకింగ్‌హాం కాలువ గట్టు మీద దిగాం.

మద్రాసుకు సరుగుడు కట్టెలు మోసే పడవలో మాకు చోటు దొరికింది. పడవ పెద్దను తండేలు అంటారు. మా తండేలు పేరు పోలయ్య, యాభై ఏళ్ళవాడు, మాట పొదుపు. ఇద్దరికీ కలిపి మూడు రూపాయలు, బియ్యం మావి, వంట వాళ్ళది. గాలి ఉంటే తెరచాప ఎత్తుతారు. గాలి పడిపోతే చెంగయ్య అనే కుర్రవాడంత బలంగల నలభై ఏళ్ళ మనిషి గట్టు మీదికి దూకి, పొడుగాటి తాడు భుజానికి వేసుకుని పడవను లాక్కుంటూ నడుస్తాడు. మొదటి రెండు రోజులూ ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. పులికాటు సరస్సు పొడవునా కొంగల గుంపులు, మధ్యాహ్నం చేపల పులుసు, పడవ మీది తాటాకు గుడిసె కింద చల్లటి నిద్ర. కాంతమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఒక చెయ్యి నీళ్ళలో ఆడిస్తూ అన్నం తింది. నేను పడవ నడిమధ్యన కూర్చుని, చూసినదంతా నోటుబుక్కులో రాసుకున్నాను.

మూడోనాడు సాయంత్రం, ఎన్నూరు ఇంకా కొంత దూరం ఉందనగా గాలి ఆగిపోయింది. చెంగయ్యకు కాళ్ళు వాచి ఉండడంతో పడవను అక్కడే గట్టుకు కట్టేశారు. కాలువకు అవతల కంటికి ఆనినంత దూరం పర్ర, అంటే సముద్రపు పోటుకు నీళ్ళెక్కి తీసే బురద నేల. మన ఎండిన చెరువు లాగే పైన నెర్రెలు విచ్చి ఉంది. ఒక్క చెట్టు లేదు, ఒక్క ఇల్లు లేదు. పోలయ్య లాంతరు వెలిగించి గుంజకు తగిలించాడు. అన్నాలకు కూర్చున్నాం. అప్పుడు, ఆ పర్ర మీద ఎక్కణ్ణుంచో, ఒక పిలుపు వచ్చింది. "ఓ..." అని చాలాసేపు సాగి, చివర పైకి లేచి ఆగింది.

కాంతమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అది మన పక్క పిలుపు" అంది. నిజమే. ఉదయగిరి కొండ మీద కట్టెలకు పోయి దారి తప్పినవాళ్ళు అలాగే పిలుస్తారు. కింద విన్నవాళ్ళెవరైనా సరే, పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా వదిలేసి, ఆ మనిషి దిగి వచ్చేదాకా "ఓ, ఓ" అని బదులు పలుకుతూ ఉండాలి. అది అక్కడి కట్టుబాటు. ఆమె నోరు తెరిచేలోగా పోలయ్య చెయ్యెత్తి ఆపాడు.

"పలకబాకమ్మా. ఈ పర్ర కాడ చీకటి పడినాకా, మంచు పట్టినాకా మూడు పిలుపులకు ఎవురూ పలకరు. మనిషైతే నాలుగోది పిలస్తాడు. మనిషి కాకపోతే మూడుతో ఆపేస్తాది."

"మా ఊరి గొంతు మాదిరే ఉండాది పోలయ్యా!"

"అదే దాని జిత్తు. ఎవురు ఇంటుంటే వాళ్ళ ఊరి గొంతుతోనే పిలస్తాది."

నాకు ఒళ్ళు జలదరించింది. అంతకంటే ఎక్కువగా సంబరం వేసింది, రాసుకోవడానికి ఇంత మంచి సంగతి దొరికినందుకు. రెండో పిలుపు వచ్చింది. లాంతరు దగ్గరికి జరిగి గబగబా రాశాను. మూడోది వచ్చింది. నలుగురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నాలుగోది రాలేదు. "చూసినారా" అన్నాడు పోలయ్య. "ఈ దయ్యానికి ఆత్మకూరునుంచి ట్రాన్స్‌ఫర్ అయినట్టుందోయ్" అని నేను పగలబడి నవ్వాను. చెంగయ్య కూడా నవ్వాడు. కాంతమ్మ మాత్రం పళ్ళెంలో నీళ్ళు పోసేసింది. పడుకునే ముందు, "నాలుగోది పిలిచే ఓపిక లేకపోతేనో?" అని అడిగింది. పిచ్చి ఆలోచనలు మాని పడుకోమన్నాను. నేను హాయిగా నిద్రపోయాను.

తెల్లవారేసరికి మంచు. అలాంటి మంచు మన మెట్టలో పుట్టి ఎరగను. పడవ ఈ కొసన కూర్చుంటే ఆ కొస కనపడలేదు. చెంగయ్య తాడు భుజాన వేసుకుని ముందుకు నడిచి ఆ తెల్లదనంలో కలిసిపోయాడు. తాడు మాత్రం బిగుసుకుని గాలిలోకి పోతూ ఉంది, దాని చివర ఎవరున్నారో తెలియదు. నీళ్ళ చప్పుడు కూడా లేకుండా పడవ జరుగుతూ ఉంటే, లాగేది మనిషేనా అని అనుమానం వచ్చి రెండుసార్లు చెంగయ్యను పేరు పెట్టి పిలిచాను. అతను పలకలేదు. మంచులో పలకడు గదా, వాళ్ళ నియమం అది.

అప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి దూరం నుంచి కాదు. పక్కనే, కాలువకు అవతలి గట్టు వెనక. గొంతు బొంగురుపోయి, సాగవలసిన చోట తెగిపోతూ. పోలయ్య గడను నీళ్ళలోంచి పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. రెండోసారి వచ్చింది. తాడు వదులైంది, అంటే చెంగయ్య కూడా ఆగిపోయాడన్నమాట. మూడోసారి వచ్చేసరికి కాంతమ్మ లేచి నిలబడింది. నేను ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. దయ్యాల్లేవని ఊళ్ళో అందరికీ పాఠాలు చెప్పే మనిషిని, పెళ్ళాం నోరు గట్టిగా మూశాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

ఆమె నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. మంచులోకి తిరిగి, "ఓ... ఈడుండాం... ఓ..." అని పిలిచింది.

ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి ఆ గొంతు చిన్నగా అడిగింది:

"నాకేనా పలికింది?"

చెంగయ్య తాడు పారేసి పరుగెత్తుకొచ్చి పడవలో పడ్డాడు. పోలయ్య దేవుళ్ళందరినీ పిలుస్తూ ఇవతలి గట్టు వైపు గడ వెయ్యసాగాడు. కాంతమ్మ గడ పట్టుకుంది. అటువైపు నుంచి దగ్గు వినపడింది. ఆగకుండా, కడుపులోంచి వచ్చే దగ్గు.

"దయ్యానికి దగ్గొస్తాదా పోలయ్యా?" అంది.

పోలయ్య గడ గుంజుకోవడం ఆపాడు. "దగ్గితే మనిషే" అన్నాడు తనలో తాను. పడవ తిప్పాడు.

పడవ ఎక్కడానికి వేసే పలకలు రెండు ఉన్నాయి. ఒకటి బురద మీద పరిచి దాని మీద నిలబడి, రెండోది ముందు పరిచి, మొదటిది వెనకనుంచి తీసి, అలా పోవాలన్నాడు పోలయ్య. నేనూ వస్తానన్నాను. ధైర్యం వచ్చి కాదు, ఆవిడ నా వైపు చూడడం లేదు గనక. వెనకనుంచి కాంతమ్మ సత్తు గిన్నె మీద కొయ్య గరిటెతో కొడుతూ "ఓ" అంటూనే ఉంది, మేం తిరిగి రావడానికి అదే గుర్తు. ముప్ఫై అడుగులు పోయామో లేదో, మంచులో ఎదురుగా ఒక ఆకారం కనపడింది. నెత్తిన మూట. మూట మీద రెండు చేతులు. నడుము కింద మనిషి లేదు. నేను పలక మీదే ఆగిపోయాను. పోలయ్య మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని బురద తవ్వడం మొదలుపెట్టాడు.

ఆమె పేరు మస్తానమ్మ. మన చేజర్ల పక్క ఊరు. సరుగుడు కొట్టే కూలికి ఊరివాళ్ళతో వచ్చిందట. చెల్లెలికి నెలలు నిండాయని కబురొస్తే, ఇంటికి పోయే పడవ అందుకోవాలని ముందురోజు సాయంత్రం బయలుదేరింది. గట్టు చుట్టూ తిరిగి రావడం మాని పర్రలో అడ్డంపడింది. గంజి తాగించాక, వణుకు తగ్గాక తనే చెప్పింది. "పైన నెర్రెలిచ్చి ఉండాది గదమ్మా, మన చెరువు మాదిరే గట్టిగా ఉంటాదిలే అని నడిచినాను. ఈ నేల మన నేల కాదు." మన మెట్టవాళ్ళం ఎవరమైనా అదే పని చేసి ఉంటాం. రాత్రి పోటుకు నీళ్ళు ఛాతీ దాకా వచ్చి మళ్ళీ తీసినాయట. మూటలో చెల్లెలి బిడ్డకు కొన్న చొక్కా ఉంది, అది తడవకూడదని దించలేదట.

కాంతమ్మ చెయ్యి వదలకుండా పట్టుకుని, ఆమె ఇంకో మాట అడిగింది. "మూడు పడవలు చూసినానమ్మా. ఒక్కరూ పలకలా. ఎవురూ పలక్కపోయేసరికి, నేను సచ్చిపోయినానేమో, నాకే తెలీడంల్యా అనుకున్నాను. నేను బతికే ఉండానా?"

"ఉండావే తల్లీ, ఉండావు" అంది కాంతమ్మ, ఏడుస్తూ.

పది గంటలకు మంచు విడింది. బేసిన్ బ్రిడ్జి దగ్గర లాకులు దాటి మద్రాసులోకి ప్రవేశించాం. పట్నాన్ని వెనకవైపు నుంచి చూడాలంటే ఈ కాలువే దారి. రోడ్డు మీంచి కనపడని మద్రాసు ఇది: కట్టెల అడితులు, చాకళ్ళు ఆరేసిన వందల చీరలు, దొడ్డి గుమ్మాల్లో తల దువ్వుకునే ఆడవాళ్ళు, తల వంచుకుంటే గాని దాటలేని వంతెనలు. ఇంత వింతగా ఉన్నా నాకేమీ పట్టలేదు. పట్నం నిండా ఎవరో ఒకరు ఎవరినో పిలుస్తూనే ఉంటారు గదా. ఏ గట్టు మీంచి ఏ పిలుపు వచ్చినా, అరవమైనా తెలుగైనా, పడవలో పడుకున్న మస్తానమ్మ కళ్ళు తెరవకుండానే "ఓ" అని పలికేది. రేవు మెట్ల మీది పిల్లలు ఆమెను వెక్కిరిస్తూ మళ్ళీ మళ్ళీ పిలిచారు. ఆమె ప్రతిసారీ పలికింది.

ఒక వంతెన కింద పోతుండగా పైన ఎవరో గట్టిగా నవ్వారు. ఆమె చటుక్కున లేచి కూర్చుంది.

"రేత్రి గూడా ఇట్టనే నవ్వినారు" అంది. "ముందు రెండు పడవలు ఆగకుండా పోయినాయి. మూడోది ఆగింది, దీపం పెట్టింది. నేను పిలిస్తే ఆ దీపం కాడ ఎవురో నవ్వినారు. నవ్వేటోళ్ళకు చెవులు గూడా ఉంటాయి గదా అని, తెల్లారినాక మళ్ళా పిలిచినాను."

పోలయ్య గడ వేస్తూ తల తిప్పుకున్నాడు. కాంతమ్మ నా వైపు చూసింది, ఆ రోజుకు అదే మొదటిసారి చూడడం. "ఆ నవ్వింది నేనే" అన్నాను. మస్తానమ్మ నన్ను తేరిపార చూసింది. ఏదో అనబోయింది. అంతలో గట్టు మీద ఎవరో ఎవరినో పిలిచారు, ఆమె అటు తిరిగి "ఓ" అంది.

ఆమెను పెద్దాసుపత్రిలో చేర్చి, కాళ్ళు నిలిచాక మాతోనే రైల్లో నెల్లూరుకు, అక్కణ్ణుంచి చేజర్లకు తీసుకొచ్చాం. మద్రాసులో ఇంకేమీ చూడలేదు. ఆనాటి నోటుబుక్కు నా దగ్గరే ఉంది. "ఇక్కడివారి వింత నమ్మకం" అని శీర్షిక పెట్టి, కింద గీత గీసి మరీ రాసుకున్నాను. ఆ రాతంతా ఆమె పిలుస్తుండగా, ఆమెకు కనపడుతున్న దీపం వెలుగులో రాసిందే. చింపేద్దామంటే కాంతమ్మ చింపనివ్వలేదు. ఈ మధ్య ఇంట్లో ఆమె ఏ గదిలోంచి పిలిచినా నేను వెంటనే పలుకుతున్నాను. ఆమె నవ్వడం లేదు, నేనూ నవ్వడం లేదు.

వెళ్ళదలచినవారికి ఒక్క సలహా. మార్గశిరంలో మంచు దట్టంగా పడుతుంది, దళసరి దుప్పటి, పళ్ళెం, తాగే నీళ్ళు మీరే తీసుకెళ్ళండి. పర్ర దగ్గర ఎవరైనా పిలిస్తే తండేలు మూడు లెక్కపెట్టమంటాడు. లెక్కపెట్టకండి. మొదటిదానికే పలకండి.