ఆమె పలకని పేరు

ఈ రోజు హిందూపురం కోర్టులో ఒక ముసలామెను మొగుడి పేరు చెప్పమని నిలదీశాను. పేరు అడగడం తప్పు కాదు, ఏ సాక్షినైనా గుమాస్తా అడిగేదే. మా వైపు పాతకాలం ఆడవాళ్లు చాలామంది ఆ పేరు నోటితో అనరు. పక్కనున్న కొడుకో, ఊరివాడో చెప్తే గుమాస్తా రాసుకుంటాడు. ఇదంతా తెలిసి కూడా ఆమె మౌనాన్ని నా కేసుకు వాడుకున్నాను. అదీ నా తప్పు.

నేను ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్ని. లేపాక్షి దగ్గర ఒక పల్లెలో గొర్రెల దొంగతనం కేసు. దొంగతనం జరిగిన సాయంత్రం ముద్దాయి తన ఇంట్లోనే చెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాడని, అంటే ఈ ముసలామె ఇంట్లో, అని చెప్పడానికి ఆమె ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చూడగానే ఎక్కడో చూసిన ముఖమనిపించింది. ఆ అనుమానాన్ని పక్కకు నెట్టేశాను.

"మొగుని పేరు చెప్పు."

ఆమె తల వంచుకుంది.

"పేరే లేదా, మొగుడే లేడా?"

వెనక బెంచీల్లో నవ్వులు.

"ఉండె సామీ. పోయినాడు. నా నోటితో అనను."

"నీ ఇంటికి వచ్చిపోయిన మొగోడెవరో చెప్పలేనిదానివి, ఆ పొద్దు ముద్దాయి వచ్చినాడని మాత్రం ఎట్ల చెప్తాండావు?"

నవ్వులు పెద్దవయ్యాయి. ఆమె ఏడవలేదు. నన్నే చూస్తూ నిలబడింది. మెజిస్ట్రేటు విసుగ్గా భోజన విరామం ఇచ్చారు.

వరండాలో ముద్దాయి తరఫు వకీలు ఎదురై, "ఏమప్పా, గొర్రెలు దొరకలేదని అవ్వ మీద పడితివే?" అన్నాడు. నవ్వేసి ముందుకు నడిచాను. వరండా చివర ఆమె సద్దిమూట విప్పుకుంటోంది.

"తింటివా నాయనా?" అంది.

"ఎవరమ్మా నువ్వు?"

"లోపల అంతసేపు అడిగితివి గదా, ఇంగా ఆశ తీరలేదా?" అని నవ్వి, గొంతు తగ్గించింది. "కోపమొస్తే ఎడమ చెవి పట్టుకుంటాండావు. మీ నాయనకూ అదే అలవాటు. ఆయప్ప పేరు నేనాడ బయటపెట్టింటే నీ మొగం యాడ పెట్టుకుందువు? నువ్వీడ ఉంటావని తెలుసు. రాకూడదనే అనుకొంటి. ఆ పిల్లోడు చేయని పనికి జైలుకు పోతాడే అని వస్తి."

నా చెయ్యి అప్పుడు కూడా చెవి మీదే ఉంది.

మా నాయన ధర్మవరం పట్టుచీరలు మూటగట్టుకొని పెనుకొండ, హిందూపురం తిరిగి అమ్మేవాడు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. ఆయన పోయిన రోజు మా వీధి మలుపులో ఈమె నిలబడి ఉంది. మేనమామ వెళ్లి ఏదో చెప్పి పంపేశాడు. ఎవరని నేను అడగలేదు. అమ్మ ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు. అమ్మ పోయాక కూడా అడగలేదు. ప్రశ్నలడిగి జీతం తీసుకునేవాణ్ణి, ఆ ఒక్కటి అడిగితే జవాబు తెలిసిపోతుందని భయపడ్డాను. తెలిస్తే ఆమె ఎలా బతుకుతోందో చూడాల్సి వచ్చేది.

విరామం అయ్యాక లేచి నిలబడ్డాను. ఈ సాక్షి మా నాయన భార్య అని, ఇక ఈ కేసు నేను నడపకూడదని మెజిస్ట్రేటుకు చెప్పాను. పొద్దున నేనన్న ఆ మాటలను రికార్డు నుంచి తీసేయమని అడిగాను. బెంచీల్లో ఎవరూ నవ్వలేదు. మెజిస్ట్రేటు సరేనన్నారు. వేరే ప్రాసిక్యూటరు వచ్చేదాకా కేసు వాయిదా వేస్తున్నామన్నారు.

గుమాస్తా తల ఎత్తి, "భర్త పేరు ఖాళీగానే ఉండాది సార్" అన్నాడు.

నా బల్ల దగ్గరనుంచి కదిలి, వెళ్లి సాక్షి బోనులో ఉన్న ఆమె పక్కన నిలబడ్డాను. ఏ కొడుకైనా చెప్పినట్టే మా నాయన పేరు చెప్పాను. ఆ పేరు వినగానే ఆమె కొంగు తల మీదికి లాక్కుంది.