రామిరెడ్డి చేని రాళ్లు

1954 ఎండాకాలంలో నన్ను కర్నూలులోని రహదారుల డివిజన్ ఆఫీసుకు బిల్లుల గుమాస్తాగా వేశారు. అప్పుడు కర్నూలు రాజధాని. పెద్దలకు గదులు, మాబోటివాళ్లకు గుడారాలు. బల్ల మీద కాగితానికి రాయి బరువు పెట్టకపోతే అది తుంగభద్ర దాకా ఎగిరిపోయేది.

కాంట్రాక్టర్లు మమ్మల్ని తిట్టుకోవడానికి ముఖ్య కారణం సీనరేజి. సర్కారు భూమిలో రాయి తీసుకుంటే సర్కారుకు కట్టవలసిన రుసుము అది. తర్వాత కట్టమంటే ఎవరు కడతారు? అందుకని బిల్లు చెల్లించేటప్పుడే అందులోంచి పట్టుకుని మిగతాది ఇవ్వాలని రూలు. పట్టా భూమి రాయికి ఈ కోత లేదు. కాకపోతే ఆ రాళ్లు తనవని పట్టాదారు సంతకం పెట్టాలి, గ్రామ కరణం ధ్రువీకరించాలి. ఆ కాగితం లేకుంటే రాయి ఆకాశం నుంచి ఊడిపడినా సర్కారుదే.

డోన్ రోడ్డుకు కంకర తోలే మద్దిలేటి అనే చిన్న కాంట్రాక్టరు బిల్లులో నేను అలాగే కోత వేశాను. మరునాడే వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. రాళ్లన్నీ రోడ్డు పక్కనున్న రామిరెడ్డి చేనివేనన్నాడు. మా సీమలో రైతులు ఏటా చేలో తేలిన రాళ్లేరి గట్టున గుట్ట పోస్తారు. ఎవరైనా బండి తెచ్చి ఎత్తుకుపోతే అదే పదివేలు. రామిరెడ్డి అయితే బండ్లవాళ్లకు మజ్జిగ కూడా పోశాడట.

"కోత పడితే రాళ్లు కొట్టేవాళ్లకు కూలి చాలదు సార్. కాలవ పనికి పోతామంటాండారు. పని నిలిస్తే నా డిపాజిట్ పోతాది. మా ఇంటామె కమ్మలు కుదవపెట్టి కట్టిండాను," అన్నాడు.

జాలి వేసింది. జాలికి మా బిల్లు ఫారంలో గడి లేదు. కాగితం తెస్తే కోత తీసేస్తాననీ, అందాకా బిల్లు ఆపుతాననీ చెప్పి పంపాను.

రెండు రోజులకు ఉత్త చేతులతో వచ్చాడు. రాళ్లు ఎవరివని సర్కారే కాగితం మీద అడుగుతోందని తెలిసేసరికి రామిరెడ్డికి అనుమానం పుట్టిందట. విలువ లేని వస్తువును గురించి సర్కారు ఎందుకు అడుగుతుంది? తన వాటా ముట్టందే సంతకం పెట్టనన్నాడు. రాళ్లు సర్కారువైతే నేను కోస్తాను, రామిరెడ్డివైతే ఆయన కోస్తాడు. ఎటు తిరిగినా తెగేది మద్దిలేటి బిల్లే.

కాగితం అడిగినవాణ్ని నేనే కనుక మర్నాడు ఓవర్సియరుతో కలిసి ఆ ఊరు పోయాను. గుంటక తోలి నున్నగా చేసిన చేని దగ్గర నిలబడి రామిరెడ్డి ఆ రాళ్ల వంశచరిత్ర ఎత్తుకున్నాడు. అవి తాతల నాటివట. నేనూ, ఓవర్సియరూ, కరణమూ నచ్చజెప్పి నచ్చజెప్పి అలసిపోయాం. అంతలో మద్దిలేటి రోడ్డు మీదికి పోయాడు. రోడ్డు వారన ఇంకా కొట్టకుండా పడి ఉన్న రాళ్లను రెండు బండ్లకెత్తించి, తిన్నగా చేలోకి తోలించి, మొదటి బండి రాళ్లు అక్కడే గుమ్మరించాడు.

"ఏం చేస్తాండావప్పా?" అంటూ రామిరెడ్డి పరుగెత్తాడు.

"బేరం కుదరల్యా కదా రెడ్డీ. మీ ఆస్తి మీకే ఒప్పజెప్తాండా. కొట్టిన కంకర కూడా రేపు తెచ్చి పోస్తా."

నాలుగు చినుకులు పడితే శెనక్కాయ విత్తాల్సిన చేను అది. రామిరెడ్డి ఆ గుట్టను చూశాడు, లోపలికి వస్తున్న రెండో బండిని చూశాడు. కాగితం యాడుండాదని కరణాన్ని అడిగాడు. సంతకమయ్యాక, చేలో పోసిన రాయి ఒక్కటి మిగలకుండా ఎత్తించేదాకా మద్దిలేటిని కదలనివ్వలేదు.

బిల్లు కోత లేకుండా పాసయింది. సంతకు ముందే కూలి అందడంతో రాళ్లు కొట్టేవాళ్లు పనిలో నిలిచారు.

ఆ తర్వాత నా సర్వీసంతా ఒక పద్ధతి పాటించాను. పట్టాదారు సంతకం బిల్లుతో పాటు కాదు, మొదటి బండి కట్టకముందే తెచ్చుకోమని కాంట్రాక్టర్లకు చెప్పేవాణ్ని. రాళ్లు చేలో ఉన్నంతవరకు రైతు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతాడు. రోడ్డెక్కాయంటే అవి ఆస్తి.