భద్రావతమ్మకు దసలి చీరె

సూరత్‌ల సిల్కు అనే పేరు తగిలియ్యని చీరె ఉండదు. డోలా సిల్కట, విచిత్ర సిల్కట. విచిత్రమే మరి, పురుగు మొఖం చూడని పట్టు. అన్నీ పెట్రోలుల పుట్టిన దారాలే. తెలుగోళ్లుండే గోడాదరా గల్లీలల్ల ఇంటింటికి ఆ చీరెల మూటలు దిగుతయి, ఆడోళ్లు కూసోని దారాలు కత్తిరిస్తరు, రాళ్లు అతికిస్తరు. వినోద కూడ ఎన్నో ఏండ్ల సంది అదే పని చేస్తుంది. చేస్తది గని, దాన్ని పట్టు అనుమంటే మాత్రం అనదు. "గిది చీరె" అంటది, అంతే. జర మొండి మనిషి. ఆ మొండితనం లేకుంటే ఈ ముచ్చట చెప్పెటందుకే ఉండకపోవు.

ఆమె పుట్టింది మహదేవపూర్ దిక్కు, దసలి పట్టు నేసే పద్మశాలీల ఇంట్ల. అడవిల దొరికే పట్టుకాయలను ఉడకబెట్టి, తల్లి తొడ మీద రుద్దుకుంట దారం తీసేది. ఆ దారానికి రంగు అద్దేది ఉండదు, పుట్టుకతోనే తేనె రంగు. ఒక పోగు సన్నం, ఒక పోగు దొడ్డు. చెయ్యి పెడితే జర గరుకుగ తాకుతది, ఒంటి మీద పడ్డంక వెచ్చగైతది. పెండ్లికి ముందు వినోద తల్లి పక్కన కూసోని ఎన్ని చీరెలు నేసిందో. సోమలింగాన్ని చేసుకోని సూరత్ వచ్చినంక మగ్గం మీద అటిటు ఉరికే నాడె ముట్టింది లేదు.

గోడాదరాల ఉన్న పద్మశాలీల సంఘం ఏటేటా శ్రావణ పున్నానికి మార్కండేయుని ఊరేగింపు తీస్తది. లారీ మీద మగ్గం ఎక్కిస్తరు. కులదేవత భద్రావతమ్మ మార్కండేయుని కోడలు, మొట్టమొదలు బట్ట నేసినాయన పెండ్లాం. ఆమె చీరెను ముందుగాల్నే సంఘం హాల్ల నేసి, కొంగు మట్టుకు లారీ మీద నేసుకుంట పోతరు. గుడి ముంగట మగ్గం మీదికెల్లి చీరె కోసి అమ్మవారికి కడతరు. ఈ పని చేసే రాజమౌళి తాతకు ఈ ఏడు మోకాళ్లు పట్టేసినయి. మగ్గం మీద కూసునెటందుకు ఇంకొకడు ముంగటికి రాలేదు.

సంఘం పెద్ద ఓంప్రకాష్ అందర్ని పిలిచి ఉపాయం చెప్పిండు. "మిల్లు చీరె ఒకటి తెచ్చి మగ్గానికి చుడుదాం. ఎవడో ఒకడు మీద కూసోని నాడె అటిటు ఆడిస్తడు. చూసేటోళ్లకు ఏం ఎర్కైతది?"

అందరు తల ఊపిండ్రు. వెనుక వరుసకెల్లి వినోద లేసి నిలబడ్డది. "చూసేటోళ్లకు ఎర్కగాకపోవచ్చన్నా. కట్టుకునే ఆమెకు ఎర్కైతది. నేను నేస్త. మా దసలి పట్టు నేస్త."

"ఆడమనిషివి, లారీ ఎక్కి నేస్తవా?"

"ఇంట్ల నేస్తే లేని తప్పు లారీ మీద ఏందన్నా?"

కాదనలేని మనిషి షరతు పెడతడు గద, ఓంప్రకాష్ అదే చేసిండు. "సరే చెల్లె. పున్నం నాటికి చీరె దిగకుంటె మిల్లు చీరే కడతం. ఆ మీదికెల్లి మగ్గం ముచ్చట ఎవరు ఎత్తొద్దు. దాన్ని కట్టెల కింద అమ్మేస్తం."

వినోద తమ్ముడు పరమేశ్ ఊరికెల్లి దారం పంపిండు. రాజమౌళి తాత కుర్చీల కూసోని పడుగు ఎట్ల ఎక్కించాలెనో చెప్పుకుంట పోయిండు. మొదటి రోజు వినోద నేసిన నేత వంకరటింకరగ వచ్చింది. ఇప్పింది. మల్ల నేసింది, మల్ల ఇప్పింది. కాళ్లకు యాదికొచ్చింది చేతులకు రాలేదు, చేతులకు వచ్చేసరికి నడుము మొండికేసింది. ఇంట్ల పని చేసుకోని, మూటల పని చేసుకోని, పగటిపూట హాలుకు ఉరికేది. తేనె రంగు బట్ట జానెడు, మూరెడు పెరుగుతుంటె ఆమెకు కడుపు నిండినట్టుండేది.

అంతల వానలకు జరం పట్టుకుంది. మంచం దిగనియ్యలేదు. ఆమె లేవలేని ఆ కొన్ని రోజులు సోమలింగమే పోయి మగ్గం మీద కూసున్నడు.

సోమలింగం సాంచల మనిషి. కరెంటు మగ్గాలను అక్కడ సాంచలంటరు. వాటి చప్పుడుకు చెవులు సగం పోయినయి, ఇంట్ల మాట్లాడితే గల్లీ చివరిదాక వినబడుతది. మనసు మాత్రం మంచిది. సాంచల మీద ఆయన నేర్చుకున్న చదువు ఒక్కటే, మిషిన్ ఆగొద్దు. పోగు తెగిందా, ఏదో ఒకటి ముడెయ్యి, నడిపియ్యి. దసలి పోగులు అలిగినట్టు తెగుతుంటె ఆయన అదే చేసిండు. కార్ఖానాకెల్లి అదే రంగు పాలిస్టర్ దారం తెచ్చి, తెగిన పోగుల జాగల అతికిచ్చిండు. ఆ మీద ఒక్క పోగు తెగలేదు. చీరె సర్రసర్ర నడిచింది.

జరం తగ్గి హాలుకు వచ్చిన వినోద, బట్ట మీద అరచెయ్యి పెట్టి జరిపింది. నడుమ ఒక తాన గరుకు తాకకుంట చెయ్యి జారింది. ఇంకో తాన జారింది.

"గిదేంది?" అన్నది.

"పోగులు తెగుతున్నయని అతికిచ్చిన. రంగు సేమ్ ఉంది చూడు. జిందగీల తెగది" అన్నడు సోమలింగం, మొఖమంత నవ్వుకుంట.

వినోదకు కోపం వచ్చింది, దాని వెనుకనే దుఃఖం వచ్చింది. ఆయన ఎవ్వలి కోసం చేసిండు? ఆమె కోసమే గద. తిట్టెటందుకు నోరు రాలేదు. ఊరుకునెటందుకు మనసొప్పలేదు.

పక్కన బిడ్డ సంధ్యారాణి నిలబడి ఉంది. సూరత్‌లనే పుట్టిన పిల్ల. "మమ్మీ, కోయీ నహీ దేఖేగా. ఛోడ్ నా" అన్నది, ఎవ్వలు చూడరు ఇడిసిపెట్టమని.

"మిల్లు చీరె చుడుదామన్నోళ్లు కూడ ఇదే అన్నరు బిడ్డా. ఇదే చేసేదుంటె నేను లేసి ఎందుకు నిలబడ్డట్టు?" అని వినోద మొగని దిక్కు తిరిగింది. "నువ్వు నా కోసమే చేసినవ్, నాకెర్కే. గని ఇప్పుత."

"నా చేతి నేత ఇప్పుతవా? ముప్పై ఏండ్ల పనోన్ని నేను" అని సోమలింగం గయ్యిమన్నడు. హాలంత మోగింది. చెప్పులేసుకోని ఎల్లిపోయిండు.

వినోద నేసినదాన్ని ఇప్పెటందుకు కూసున్నది. పేక పోగును ఒక్కొక్కదాన్ని లాగుకుంట, మొదటి పాలిస్టర్ ముడి దాక ఎనుకకు నడవాలె. నేసెటందుకంటె ఇప్పెటందుకే కష్టం. దసలి దారం కసిరితే తెగుతది. సంధ్యారాణి పక్కన కూసోని, లాగిన దారాన్ని మల్ల కండెలకు చుట్టింది.

తెల్లారి సోమలింగం వచ్చిండు. మగ్గానికి అవుతలి దిక్కు కూసోని, తను వేసిన ముడులు తనే ఇప్పిండు. తెగిన పోగుకు పట్టు పోగు చేర్చి, వేళ్లు తడి చేసుకోని పురి పెట్టుడు వినోద చూపిచ్చింది. సాంచల మీద గట్టిపడ్డ వేళ్లు అవి, మొదట మాట వినలేదు. ఆయన కూడ ఇడిసిపెట్టలేదు.

గట్ల చీరె మల్ల అసలు దసలి చీరెయ్యింది గని దినాలు కరిగిపోయినయి. పున్నం వచ్చేసరికి కొంగొక్కటే గాదు, కొంగు ముంగటి బట్ట కూడ కొంచెం మిగిలింది. వినోద లారీ ఎక్కింది. మీద ప్లాస్టిక్ కవరు, చుట్టు డప్పులు, కింద గుంతల రోడ్డు. బండి ఎగిరినప్పుడల్ల ఒక పోగు తెగేది. సోమలింగం మగ్గం మూలకు కూసోని తెగిన పోగు తెగినట్టే అందుకున్నడు. ఇంటికాడ కూసోని చూసినోళ్లు, గల్లీల నిలబడ్డోళ్లు, ఆడమనిషి నేస్తుందని చెయ్యి చూపిచ్చిండ్రు. ఆమె తల ఎత్తలేదు.

గుడి రానే వచ్చింది. కొంగు సగమే అయ్యింది.

ఓంప్రకాష్ పళ్లెంల మిల్లు చీరె పెట్టుకోని లారీ కాడికి వచ్చిండు. ఆయనకు గెలిచిన సంతోషం ఏం లేదు, తొందరగ పూజ ముగించాలెనని ఉంది. "నీ శక్తి కొద్ది చేసినవ్ చెల్లె. ఇగ దిగు. హారతి టైమైంది."

"పున్నం నాటికన్నవ్ గదన్నా. పున్నం ఇంక పోలే" అని వినోద నాడె ఇసిరింది.

డప్పులు ఆగినయి. అప్పుడు రాజమౌళి తాత కర్ర పక్కన పెట్టి, తడి రోడ్డు మీదనే చతికిలబడ్డడు. ఆ మోకాళ్లతోని కూసున్న ముసలాయనను ఎవ్వలు లేపుతరు? ఆయన పక్కన ఆడోళ్లు కూసున్నరు, వాళ్ల ఎనుక మొగోళ్లు. పూజారి గుమ్మంల నిలబడి, హారతి పళ్లెం లోపట పెట్టొచ్చిండు. వినబడుతున్నది మగ్గం చప్పుడు ఒక్కటే. ఓంప్రకాష్ మాత్రం మిల్లు చీరె పట్టుకోని నిలబడే ఉన్నడు.

పొద్దు గుంకుతుంటె వినోద చివరి పోగు కొట్టింది. సోమలింగం కత్తెర అందిచ్చిండు. చీరె మగ్గం దిగింది. ఆమె దాన్ని రెండు చేతుల మీద వేసుకోని లారీ దిగుతుంటె మొగుడు రెక్క పట్టుకున్నడు.

పూజారి చీరె అందుకోని లోపటికి పోయిండు.

"ఎంత మొండిదానివి చెల్లె. అమ్మవారినే ఇంతసేపు ఆపినవ్" అన్నడు ఓంప్రకాష్.

"నేసేటోళ్ల ఇంటి కోడలన్నా ఆమె" అన్నది వినోద. "చీరె మగ్గం దిగేదాక ఆగుడు ఆమెకు కొత్తనా?"