కుట్టు మిషన్ మీద పసుపు నెమలి

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయే రకం నేను. అవి ఉన్నాయని ఇప్పటికీ నమ్మను. కానీ నా చేత్తో నేను గీసిన ఒక బొమ్మ సంగతి చెప్పాల్సి వస్తే మాత్రం టీ మానేసి కూర్చుంటాను.

మాది కాకినాడ. పెళ్లయ్యాక తిరుమలగిరిలో స్థిరపడ్డాం. పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతాను. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఊరికే బ్రష్ పట్టుకుంటే బొమ్మ దానంతటదే తన్నుకొచ్చింది. పాత కుట్టు మిషన్, దాని మీద పసుపు నెమలి. దాని తోక సూది కింద నుంచి బట్టలా జారుతోంది. అలాంటిది నేనెక్కడా చూడలేదు. గీస్తున్నంతసేపూ ఒళ్లు తెలియని సంతోషం.

స్నేహితులం కలిసి రాంగోపాల్‌పేటలో ఒక హాలు తీసుకుని బొమ్మలు పెట్టాం. మొదటి రోజే ఒకావిడ నెమలి ముందు ఆగిపోయింది. పేరు సరళ. నాకంటే కొంచెం చిన్నది.

"ఇది మా అమ్మ గీసిన బొమ్మ. మీకెట్ల దొరికింది?"

నేనే గీశానన్నాను. ఆమె గొంతు పెరిగింది.

"అబద్ధం చెప్పకున్రి మేడం. మా వంటింట్ల గోడ మీద ఉండె గిదే నెమలి!"

అందరూ మా వైపు తిరిగారు. కాపీ కొట్టిందన్న పేరు వస్తే నా దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? నాకు ఒళ్లు మండింది. "ఆ గోడ చూపించండి, ఇప్పుడే వెళ్దాం" అన్నాను.

ఆటోలో మౌలాలి బయల్దేరాం. వాళ్లమ్మ బట్టలు కుట్టేదట. సరళ చిన్నప్పుడే ఆవిడ పోయింది. ఆ తర్వాత గోడకు సున్నం వేశారు. బొమ్మకు ఫోటో తీసినవాళ్లెవరూ లేరు. నేనా, అంతకుముందు మౌలాలిలో కాలు పెట్టింది లేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు సరళ తమ్ముడు ఉంటున్నాడు. "ఏందక్కా, గోడంత ఖరాబ్ చేస్తవా?" అంటూనే తడిబట్ట, పాత గరిటె తెచ్చిచ్చాడు.

తడిపి గోకుతుంటే సున్నం పెచ్చులుగా రాలింది. ముందు పసుపు రంగు. తర్వాత ఒక కన్ను. అదే నెమలి, అదే వైపు తిరిగి, అదే మిషన్ మీద! భయం వేయలేదు. సరళ చేతిలోంచి గరిటె లాక్కుని నేనే గోకాను.

పెడల్ దగ్గర ఎరుపు కనిపించింది. చిన్నపిల్ల చెప్పు, ఒకటే.

"అయ్యో, నాదే!" సరళ ఏడుస్తూ నవ్వింది. "చెప్పు పోయిందని ఏడుస్తుంటే, నెమలి ఎత్కపోయిందని అమ్మ గీసింది. మీ బొమ్మల ఇది లేదు కదా?"

సరిగ్గా అక్కడే నేనూ ఎర్ర చెప్పు వేశాను. ఎందుకొచ్చిందిలే అనిపించి, ఆరాక పైన గోధుమ రంగు పూసేశాను. అది నేను తప్ప ఎవరూ చూడలేదు.

చెబితే సరళ నమ్మలేదు. హాలుకు తిరిగొచ్చి కాన్వాసును కిటికీ వెలుతురుకు వాల్చి చూపించాను. రంగు కింద చెప్పు ఆకారం కొద్దిగా ఉబ్బి కనిపించింది. సరళ దాన్ని వేలితో తడిమింది.

"మాఫ్ చేయున్రి అక్కా" అంది. "అమ్మ గీయకముందు సుత ఇది ఏడనో ఉండెనేమో. ముందు అమ్మకు దొరికింది, ఎనక మీకు దొరికింది."

బొమ్మ ఆమెకే ఇచ్చేశాను. కింద నా పేరు రాయమంది. బ్రష్ రంగులో ముంచాను గానీ రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ రంగులు కొన్నది నేను, గీసింది నేను. బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఇవాళ్టికీ తెలియదు. కానీ ఇప్పుడు కొత్త బొమ్మ మొదలుపెట్టినప్పుడల్లా, ఇది ఏ ఊళ్లో ఎవరి గోడ మీద ఉందోనని చేతులు ఉరకలేస్తాయి.